రెండేళ్లకోసారి జనం మారిపోయే ఊరు: యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్లు, క్వార్టర్లు

ఉత్తరం మీద 500007 అని రాస్తే ఉస్మానియా యూనివర్సిటీ పోస్టాఫీసుకు, 500046 అని రాస్తే గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ పోస్టాఫీసుకు, 530003 అని రాస్తే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి చేరుతుంది. సొంత పోస్టాఫీసు, బ్యాంకు, ఆరోగ్య కేంద్రం, నీళ్ల ట్యాంకు, టీ బంకులు, సాయంత్రం నడకకు చెట్ల నీడన రోడ్లు. ఊరికి ఉండాల్సినవన్నీ క్యాంపస్‌కు ఉన్నాయి. ఒక్కటే తేడా. ఈ ఊళ్లో ఎక్కువమంది రెండేళ్లు తిరిగేసరికి పెట్టే బేడా సర్దుకుని వెళ్లిపోతారు. వాళ్ల చోట కొత్తవాళ్లు దిగుతారు.

ఎంఏ, ఎమ్మెస్సీ విద్యార్థి ఉండేది రెండేళ్లు. పీహెచ్‌డీ స్కాలరైతే ఐదారేళ్లు. మెస్‌లో గంటె పట్టే వంటమనిషి, మోటారు వేసే పంపు ఆపరేటరు, క్వార్టర్లో కాపురమున్న అధ్యాపకుడి కుటుంబం పాతిక ముప్పయ్యేళ్లు ఉంటారు. హాస్టళ్లు ఎందుకు పాడవుతాయంటే డబ్బుల్లేక అంటారు. నిధుల కొరత నిజమే. కానీ కొత్తగా కట్టిన హాస్టల్ కూడా నాలుగేళ్లకే కళ తప్పుతోందంటే కారణం అదొక్కటే కాదు. నిన్న ఏం జరిగిందో, ఏది ఎక్కడుందో, ఏ నియమం ఎందుకు పెట్టారో గుర్తుంచుకునే ఏర్పాటు లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం.

ఊరి బయట కట్టిన ఊళ్లు

1918లో మొదలైన ఉస్మానియా తొలినాళ్లలో గన్‌ఫౌండ్రీ దగ్గరి భవనాల్లో నడిచింది. స్కాట్లండ్‌కు చెందిన నగర ప్రణాళికా నిపుణుడు పాట్రిక్ గెడెస్ స్థలాలు పరిశీలించి 1923లో నివేదిక ఇచ్చాడు. అడిక్‌మెట్ దగ్గర 1934లో శంకుస్థాపన జరిగింది, ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరు 4న తెరుచుకుంది. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) 1926లో బెజవాడ కేంద్రంగా ఏర్పడి, ఆ తర్వాత వాల్తేరు మెట్టకు మారింది. సెంట్రల్ యూనివర్సిటీగా పిలిచే హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలై, గచ్చిబౌలిలో దాదాపు 2,300 ఎకరాలకు తరలింది.

మూడు చోట్లా స్థలం ఎంచుకునేనాటికి అది ఊరి బయట. చుట్టుపక్కల అద్దె ఇళ్లు లేవు, రాత్రిపూట తిరిగి వెళ్దామంటే బస్సు లేదు. అందుకే హాస్టళ్లు, క్వార్టర్లు తప్పనిసరి అయ్యాయి. పాఠం చెప్పేవారు, వినేవారు, వండిపెట్టేవారు ఒకే ప్రహరీ లోపల ఉండాల్సి వచ్చింది. తర్వాత నగరం నడిచి వచ్చి చుట్టుముట్టింది. ఉస్మానియా చుట్టూ తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ పెరిగాయి. సెంట్రల్ యూనివర్సిటీ గేటు ముందు నుంచి ఐటీ ఉద్యోగుల ట్రాఫిక్ పారుతోంది. ఊరు దూరంగా ఉన్నప్పుడు రాసుకున్న నియమాలు ఊరు మీదికొచ్చాక కూడా మారలేదు. నేటి చిక్కుల్లో చాలా భాగం అక్కడ మొదలైనవే.

మెస్ లెక్క

హాస్టల్ అంటే గది అనుకుంటారు కొత్తగా చేరేవాళ్లు. నెల తిరిగేసరికి తెలుస్తుంది, హాస్టల్ అంటే మెస్ అని. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎక్కువగా నడిచేది డివైడింగ్ పద్ధతి. నెలకింత అని ముందుగా రేటు ఉండదు. నెలాఖరున అయిన ఖర్చునంతా తిన్న రోజులతో భాగిస్తారు.

లెక్క ఇలా ఉంటుంది. ఒక మెస్‌లో 180 మంది బోర్డర్లు (హాస్టల్‌లో పేరుండి మెస్‌లో తినేవాళ్లు), 30 రోజుల నెల అనుకుందాం. అందరూ అన్ని రోజులూ తింటే 5,400 మెస్ రోజులు. ఇళ్లకు వెళ్లినవాళ్లు ముందుగా చెప్పి కట్ పెట్టించుకున్న రోజులు తీసేస్తే 4,860 మిగిలాయి. కిరాణా, కూరగాయలు, పాలు పెరుగు, గుడ్లు, చికెన్, గ్యాస్ కలిపి 4,37,400 రూపాయలయ్యాయి. భాగిస్తే రోజుకు 90. నెలంతా తిన్నవాడికి 2,700, ఇరవై రెండు రోజులు తిన్నవాడికి 1,980. వర్కర్ల జీతాలు, కరెంటు వంటివి చాలాచోట్ల ఎస్టాబ్లిష్‌మెంట్ చార్జీల కింద తలకింత చొప్పున విడిగా పడతాయి.

పైకి ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదనిపిస్తుంది. చిక్కు రెండు చోట్ల వస్తుంది.

మొదటిది పండగ నెల. దసరాకు సగం హాస్టల్ ఖాళీ అవుతుంది. మెస్ రోజులు 4,860 నుంచి 3,240కి పడిపోయాయి అనుకుందాం. ఖర్చు ఆ మేరకు తగ్గదు. వందమందికైనా నూటఎనభై మందికైనా పొయ్యిలు వెలిగించాల్సిందే, పోపు పెట్టాల్సిందే, తెప్పించిన కూరగాయలు వాడిపోతాయి. ఖర్చు 3,56,400 దగ్గర ఆగితే రోజు రేటు 110 అవుతుంది. పండక్కి కూడా ఇంటికి పోకుండా ఉండిపోయేది ఎవరు? దూరపు జిల్లావాళ్లు, చార్జీలు లేనివాళ్లు, థీసిస్ గడువు మెడ మీదున్న స్కాలర్లు. వెళ్లినవాళ్ల భారం వీళ్ల మీద పడుతుంది. దీనికి తెలిసిన మందు ఒకటే: సెలవుల్లో పక్కపక్క హాస్టళ్ల మెస్‌లను కలిపి ఒక్కచోటే వండటం. మామూలు రోజుల్లో మూడు మెస్‌లు నడిచే చోట దసరా వారం ఒకటి నడిస్తే చాలు. కానీ స్టోర్ రూములు వేరు, రిజిస్టర్లు వేరు, బాకీలు వేరు కాబట్టి కలపడానికి పదిహేను రోజుల ముందే కూర్చోవాలి. ఆ విషయం కిందటేడు కష్టపడినవాళ్లకు తెలుసు, వాళ్లేమో వెళ్లిపోయి ఉంటారు.

రెండోది లెక్కలోకి రాని పళ్లేలు. పైన చెప్పిన 180 మంది మెస్‌లో రోజూ పదిహేనుమంది గెస్ట్ కూపన్ లేకుండా తింటున్నారనుకుందాం. నెలకు 450 మెస్ రోజులు. వాటిని కూడా లెక్కలో వేసి భాగిస్తే రేటు 82 రూపాయల 37 పైసలు. అంటే ప్రతి బోర్డరూ రోజుకు ఏడున్నర రూపాయలకు పైగా, నెలకు దాదాపు 229 రూపాయలు పక్కవాళ్ల అన్నానికి కడుతున్నాడు. నెల బిల్లు చూసి వంటవాళ్లు కాజేశారని గొడవకు దిగే ముందు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

మెస్ కట్ పెట్టాలంటే ఒక రోజు ముందే చెప్పాలని, వరసగా ఇన్ని రోజులుంటేనే కట్ వర్తిస్తుందని నియమం ఉంటుంది. విద్యార్థులకు ఇది దౌర్జన్యంలా కనిపిస్తుంది. ఇండెంట్, అంటే స్టోర్ నుంచి తీయాల్సిన సరుకు చీటీ, ఎలా రాస్తారో చూస్తే కారణం అర్థమవుతుంది. మనిషికి పూటకు 150 నుంచి 180 గ్రాముల బియ్యం లెక్కన 180 మందికి 27 నుంచి 32 కిలోలు. ముందురోజు సాయంత్రమే మెస్ సెక్రటరీ, కేర్‌టేకర్ సంతకాలతో సరుకు స్టోర్ నుంచి బయటికొస్తుంది, కూరగాయలు తెల్లవారుజామున మార్కెట్ నుంచి వస్తాయి. పొద్దున్న పదింటికి ఫోన్ చేసి ఈ పూట నాకొద్దంటే అప్పటికే అతని వాటా గంగాళంలో ఉడుకుతూ ఉంటుంది.

మెస్ సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి మెనూ బోర్డు చూడక్కర్లేదు. మధ్యాహ్నం భోజనం ముగిసే చివరి పావుగంటలో వచ్చినవాడి పళ్లెం చూడాలి. మొదట వచ్చినవాడికి గంటె ముంచితే జారని పప్పు పడింది, చివరివాడికి పసుపు నీళ్లు పడ్డాయి అంటే తలల లెక్క తప్పిందని అర్థం. మధ్యలో ఎక్కడో వేడినీళ్లు కలిపారు. వంటమనిషిని తిట్టి లాభం లేదు, అతనికి ఇచ్చిన అంకె తప్పు. ఆదివారం చికెన్ రోజైతే ఇది తిరగబడుతుంది. ఆ పూట కట్ పెట్టినవాడు కూడా వస్తాడు, స్నేహితుణ్ని కూడా తెస్తాడు. ముక్కలు లెక్కపెట్టి వేసే పరిస్థితి అందుకే వస్తుంది.

బకాయిలది ఇంకో కథ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చాలామంది హాస్టల్ విద్యార్థుల మెస్ బిల్లు ప్రభుత్వమిచ్చే మెయింటెనెన్స్ స్కాలర్‌షిప్ మీద ఆధారపడి ఉంటుంది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో వసతి దీవెన పేరుతో డిగ్రీ, ఆపై చదువులవారికి ఏడాదికి 20,000 రూపాయలు తల్లుల ఖాతాలో వేసే పద్ధతి పెట్టారు. డబ్బు కాలేజీ ఖాతాకు వచ్చినా, ఇంటి ఖాతాకు వచ్చినా, ఆలస్యమైతే మాత్రం మెస్‌కు సరుకిచ్చే కిరాణా వ్యాపారి ఆగడు. రెండు నెలల బాకీ దాటగానే నాసిరకం బియ్యం వస్తాయి, ఎందుకంటే అప్పు మీద ఇచ్చే సరుకులో అతను తన వడ్డీని అలా రాబట్టుకుంటాడు. బువ్వ బాగాలేదని ధర్నా వంటింటి ముందు జరుగుతుంది. దాని మూలం స్కాలర్‌షిప్ ఫైలులో ఉంటుంది.

ఒకే పంక్తిలో రెండు వందల మంది రోజుకు మూడుసార్లు కూర్చునే చోట రాజకీయం పుట్టకుండా ఉండదు. 1938లో ఉస్మానియా హాస్టల్‌లో వందేమాతరం పాడొద్దని ఆంక్ష పెడితే విద్యార్థులు సమ్మెకు దిగారు. ఆ ఉద్యమంలో బహిష్కరణకు గురై చదువు కోసం నాగపూర్ వెళ్లినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ ఉద్యమం ఉస్మానియా హాస్టళ్ల నుంచే జోరందుకుంది. కరపత్రం పంచాలన్నా, మీటింగ్ సంగతి చెప్పాలన్నా భోజనాల వేళకు మించిన సమయం లేదు.

గది, నీళ్లు, నాన్‌బోర్డర్

గది కేటాయింపు జాబితా చీఫ్ వార్డెన్ ఆఫీసు నుంచి వస్తుంది. చలానా కట్టి, డిపాజిట్ కట్టి, కేర్‌టేకర్ దగ్గర సంతకం పెట్టి తాళం తీసుకోవాలి. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. గదిలో మంచం, బల్ల, కుర్చీ, ఫ్యాను, ట్యూబ్‌లైటు ఏవి ఉన్నాయో, వాటిలో ఏవి విరిగాయో చూడకుండా ఇన్వెంటరీ మీద సంతకం చేస్తారు. రెండేళ్ల తర్వాత నో డ్యూస్ (బాకీలేమీ లేవన్న కాగితం) కోసం వచ్చినప్పుడు ఎప్పుడో విరిగిన కుర్చీకి డిపాజిట్‌లో కోత పడుతుంది. చేరిన రోజే ఫోన్‌తో ఫొటో తీసి, విరిగినవాటిని అదే కాగితం మీద రాయించుకుంటే ఆ గొడవ ఉండదు.

నాన్‌బోర్డర్ల సంగతి అంత తేలిక కాదు. కోర్సు అయిపోయాక గ్రూప్స్‌కో, నెట్‌కో, ఉపాధ్యాయ నియామక పరీక్షకో చదువుకుంటూ స్నేహితుడి గదిలో ఉండిపోయేవాళ్లు వీళ్లు. వీళ్లను దొంగల్లా చూడటం అన్యాయం. బయట అద్దె కట్టలేక, ఊరికి పోతే పుస్తకం ముట్టలేక ఉంటున్నవాళ్లే ఎక్కువ. నోటిఫికేషన్ రెండేళ్లు ఆలస్యమైతే గదిలో నాన్‌బోర్డర్ కూడా రెండేళ్లు ఉంటాడు. అయితే భవనానికి ఈ కష్టాలు తెలియవు. హాస్టల్‌లో మనిషికి రోజుకు 135 లీటర్లని భారతీయ ప్రమాణం. 200 మందికి 27,000 లీటర్లు. బోరు, మోటారు, ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు అన్నీ ఆ అంకెకు కట్టినవే. అదే భవనంలో 340 మంది ఉంటే మనిషికి 79 లీటర్లే వస్తాయి. అదీ సమానంగా రాదు. కింది అంతస్తులో తిప్పిన కుళాయికి నీళ్లు వస్తూనే ఉంటాయి, పై అంతస్తులో ఏడున్నరకే ఆగిపోతాయి. మరుగుదొడ్డి గొట్టం పూడుకుపోవడం, సెప్టిక్ ట్యాంకు అనుకున్న దానికన్నా ముందే నిండిపోవడం కూడా ఈ లెక్కలోంచే వస్తాయి.

రాత్రిపూట తనిఖీలు చేసి బయటికి పంపడం ఏళ్ల తరబడి జరుగుతున్నదే. పదిహేను రోజుల్లో మళ్లీ వస్తారు. పనిచేసే మార్గం వాళ్లను లెక్కలోకి తేవడం. నిర్ణీత గడువుతో, మామూలు కన్నా కొంత ఎక్కువ రుసుముతో, మెస్ రిజిస్టర్‌లో పేరుతో ఉండనిస్తే నీళ్లకు, బువ్వకు అంకె సరిపోతుంది. గడువు దాటినవారిని అడగడానికి ఒక కాగితం కూడా చేతిలో ఉంటుంది.

క్వార్టర్లు ఎందుకు ఖాళీ అవుతున్నాయి

క్యాంపస్ నివాస జీవితం గురించి రాసేవాళ్లు హాస్టళ్ల దగ్గరే ఆగిపోతారు. ఊరికి నిలకడ ఇచ్చేది క్వార్టర్ల కుటుంబాలు. సాయంత్రం పిల్లలు సైకిళ్లు తొక్కే రోడ్డు, వరండాలో వెలిగే దీపం, బతుకమ్మ నాడు హాస్టల్ అమ్మాయిలకు తంగేడు పూలు పంచే ఆడవాళ్లు, అర్ధరాత్రి ఎవరికైనా జ్వరం తిరగబెడితే కారు తీసే మేష్టారు. ఇవి ఏ నియమావళిలోనూ ఉండవు. హాస్టల్ భద్రంగా ఉండటంలో వీటి వాటా చాలా పెద్దది.

ఆ కుటుంబాలు తగ్గిపోతుండటానికి కారణం జీతం స్లిప్పులో దొరుకుతుంది. కేంద్ర విశ్వవిద్యాలయాన్ని తీసుకుందాం. హైదరాబాద్ లాంటి నగరంలో ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) 2024 జనవరి నుంచి మూలవేతనంలో 30 శాతం. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 అయితే హెచ్‌ఆర్‌ఏ 17,310. ప్రొఫెసర్‌గా 1,44,200 దగ్గర మొదలైతే 43,260. క్వార్టర్ తీసుకుంటే ఇది రాదు, పైగా లైసెన్సు ఫీజు కట్టాలి. నెలకు నలభై మూడు వేలు వదులుకుని, గోడలకు చెమ్మెక్కిన, ఎలక్ట్రీషియన్ కోసం మూడు ఫిర్యాదులు రాయాల్సిన ఇంట్లో ఉండటం కన్నా ఆ డబ్బును సొంత ఫ్లాటు వాయిదాకు కట్టుకోవడం మేలని ఎవరైనా అనుకుంటారు. తప్పు పట్టడానికి లేదు.

ఫలితం తలకిందులుగా ఉంటుంది. పెద్ద క్వార్టర్లు ఖాళీగా పడి ఉంటాయి. చిన్న క్వార్టర్ల కోసం తక్కువ జీతపు ఉద్యోగులు సీనియారిటీ జాబితాలో ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు, ఎందుకంటే వాళ్ల హెచ్‌ఆర్‌ఏతో గేటు బయట ఒక గది కూడా రాదు. నిబంధన ప్రకారం పెద్ద ఇల్లు చిన్న హోదావారికి ఇవ్వరు. ఖాళీ ఇంటికి రెండు వానాకాలాలు దాటితే పైకప్పు కారుతుంది, కిటికీ రెక్కలు ఊడతాయి, ఆవరణలో పొదలు పెరిగి పాములు చేరతాయి. ఆ తర్వాత మరమ్మతు ఖర్చు చూసి దాన్ని నివాసయోగ్యం కాదని రాసేస్తారు. ఈ దశకు రాకముందే ఖాళీ క్వార్టర్లను పెళ్లయిన పరిశోధక విద్యార్థులకో, ఇద్దరు ముగ్గురు మహిళా స్కాలర్లకు కలిపో ఇవ్వవచ్చు. ఇల్లూ నిలుస్తుంది, హాస్టల్ మీద ఒత్తిడీ తగ్గుతుంది.

వార్డెన్ క్యాంపస్ లోపల ఉంటున్నాడా, పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఉంటున్నాడా అన్నది కూడా దీంతో ముడిపడినదే. రాత్రి పదకొండింటికి గొడవ జరిగితే లోపలున్న వార్డెన్ చెప్పులేసుకుని నడిచి వస్తాడు. బయటున్న వార్డెన్ సెక్యూరిటీకి ఫోన్ చేస్తాడు. మొదటి సందర్భంలో అది మాటలతో ముగిసే అవకాశం ఉంది, రెండో సందర్భంలో మర్నాడు షోకాజ్ నోటీసు అవుతుంది.

లోపల ఉండే అధ్యాపకులు, విద్యార్థులు ఒకరికొకరు ఇరుగుపొరుగు అయితే ఏమవుతుందో 2025లో సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను ప్రభుత్వం చదును చేయించబోయినప్పుడు కనిపించింది. బుల్డోజర్ల చప్పుడు, నెమళ్ల అరుపులు మొదట విన్నది అక్కడ నివసించేవాళ్లే. క్యాంపస్‌లో అందరూ చేరే షాప్‌కామ్ దగ్గర, గోప్స్ దగ్గర టీ తాగుతూ మాట్లాడుకున్న మాటలు ఉద్యమమయ్యాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపమంది.

మహిళా హాస్టళ్ల విషయంలో ఒక్క మాట. గేటు వేళల మీద చర్చంతా భద్రత చుట్టూ తిరుగుతుంది. అసలు నష్టం చదువుకు జరుగుతోంది. రీడింగ్ రూము అర్ధరాత్రి దాకా తెరిచి ఉండి, హాస్టల్ గేటు అంతకన్నా మూడు గంటల ముందే మూసుకుంటే ఆ మూడు గంటల గ్రంథాలయం మగపిల్లలకే పెట్టినట్టు. గేటు వేళను గ్రంథాలయం వేళకు అరగంట అటుగా కలిపి, దారి పొడవునా దీపాలు వేసి, చివరి ట్రిప్పుగా ఒక బస్సు నడిపితే సరిపోయే సమస్య ఇది.

చెప్పేవాళ్లు లేకపోవడం

ర్యాగింగ్ ఆపడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లో తెచ్చిన నిబంధనలు కొత్త విద్యార్థులను వీలైనంతవరకు విడి బ్లాకులో ఉంచమన్నాయి. ర్యాగింగ్ బాధితులు 1800-180-5522కు ఫోన్ చేయవచ్చు. విడి బ్లాకు నిబంధన అవసరమే, దానివల్ల బతికి బట్టకట్టినవాళ్లున్నారు. కానీ దానితోపాటు ఇంకోటి తెగిపోయింది. మెస్ కట్ ఎలా పెట్టాలి, ఏ ఆఫీసులో ఎవరిని అడగాలి, ఏ నెలలో సరుకు మందగిస్తుంది అన్న సంగతులు సీనియర్ల నోటి నుంచే జూనియర్లకు అందేవి. ఇప్పుడు ప్రతి బ్యాచ్ మొదటి నుంచీ నేర్చుకుంటోంది, నేర్చుకునేసరికి వెళ్లిపోతోంది. అవే నిబంధనల్లో ఆరుగురు కొత్తవాళ్లకు ఒక మెంటర్ ఉండాలని కూడా రాసి ఉంది. చాలాచోట్ల అది జాబితాగానే మిగిలింది. మెంటర్‌కు ఇచ్చే పని మెస్ నుంచి మొదలుపెడితే అది సజీవమవుతుంది.

మెస్ కమిటీని ఒకేసారి మార్చకపోవడం ఇంకో చిన్న పద్ధతి. సగం మందిని జులైలో, సగం మందిని జనవరిలో ఎన్నుకుంటే ఎప్పుడూ ఆర్నెల్ల అనుభవమున్నవాళ్లు కొందరు మిగులుతారు. నెల లెక్క, సరుకు ధర, మెస్ రోజుల సంఖ్య మూడు వరుసలుగా గోడ మీది బోర్డులో రాసి, పాతవి చెరపకుండా పన్నెండు నెలలు ఉంచితే కొత్తవాడికి కూడా ఈ నెల రేటు ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

నీళ్ల విషయంలో గుర్తు పెట్టుకునే పని ఇప్పటికీ ఒక్క మనిషి మీదే నడుస్తోంది. పాత క్యాంపస్‌లలో పైపులు వేసి యాభై అరవై ఏళ్లయింది. మధ్యలో ఎన్నోసార్లు దారి మళ్లించారు, కొత్త హాస్టల్‌కు పాత లైన్ నుంచే కనెక్షన్ ఇచ్చారు. ఏ మూత కింద ఏ వాల్వు ఉందో, ఏది సగం తిప్పితే పక్క హాస్టల్‌కు నీళ్లు ఎక్కుతాయో ముప్పయ్యేళ్లుగా చేస్తున్న ప్లంబర్‌కు చేతివేళ్లకు తెలుసు. అతను రిటైరైన వారంలో పైపు పగిలితే నాలుగు చోట్ల తవ్వుతారు. అతను డ్యూటీలో ఉండగానే ఒక వారం అతని వెంట ఇద్దరు తిరిగి, ప్రతి మూతకూ పెయింట్‌తో నంబరు వేసి, ఆ నంబర్లతో ఒక పటం గీసి పంప్‌హౌస్ గోడకు అతికించాలి. దానికి అయ్యే ఖర్చు ఒక డబ్బా పెయింటు, ఒక లామినేషన్ షీటు.